ట్రైలరుతో, కుక్కలతో వస్తున్న అల్లుడికి

అంబాజీపేట.

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

నాగపూర్‌లో ఇల్లు ఖాళీ చేసి, సామానంతా ట్రైలర్లో వేసుకుని, కుక్కలు రెండింటినీ జీపులో ఎక్కించుకుని సంక్రాంతికి వచ్చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం సగం, భయం సగం. "అంత దూరం ఆ తోక బండితో ఎలా వస్తాడురా, నువ్వు చెబితే వింటాడు" అంది. ఫోన్లో చెబితే నువ్వు "సరే మావయ్యా, సరే" అని పెట్టేస్తావని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. కొబ్బరికాయల లోడుతో ఇరవై ఆరేళ్లు ఆ రోడ్డు మీద తిరిగినవాణ్ణి, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు తేదీ సంగతి. భోగికి ముందు మూడు రోజులు హైదరాబాద్ - విజయవాడ రోడ్డు మీద ఉండకు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ ప్లాజాలో కార్లు ఎలా బారులు తీరతాయో టీవీలో చూసే ఉంటావు. ఆ వరసలో ఇరుక్కుంటే వెనక ట్రైలర్ పెట్టుకుని పక్కకి తప్పుకోలేవు, కుక్కల్ని దింపడానికి చోటుండదు. కనీసం నాలుగైదు రోజులు ముందే ఇంట్లో ఉండేలా చూసుకో.

మొత్తం తొమ్మిది వందల కిలోమీటర్ల పైమాట. కారైతే రెండు రోజులు చాలు. నువ్వు మూడు రోజులు పెట్టుకో. మొదటి రాత్రి నిర్మల్, రెండో రాత్రి సూర్యాపేట, మూడో రోజు మధ్యాహ్నం దాటాక ఇల్లు. హైదరాబాద్ ఊళ్లోకి దిగొద్దు. మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగిపో. నిర్మల్ దాటాక సోన్ దగ్గర గోదావరి వస్తుంది. మీ అమ్మ చూసుకుని మురిసే నీళ్లే అవి, కాకపోతే మనదాకా రావడానికి ఇంకా చాలా దూరం తిరగాలి. నువ్వు మళ్లీ సిద్ధాంతం అనే ఊరి దగ్గర వాటిని దాటతావు.

ఇక ట్రైలర్. సెకండ్ హ్యాండుది కొన్నావని విన్నాను. చట్టం లెక్కలో అదీ మోటారు వాహనమే, దానికి వేరే ఆర్సీ ఉండాలి, ఇన్సూరెన్సు ఉండాలి. ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకో. బయలుదేరే ముందు వారంలో చక్రాలు విప్పించి, బేరింగులు చూపించి, కొత్త గ్రీజు పెట్టించు. మేం టీకి ఆగితే దిగీదిగగానే చేసే పని ఒకటుంది. అరచెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపుతో చక్రం మధ్యలో ఉండే హబ్బు దగ్గర తాకుతాం. గోరువెచ్చగా ఉంటే ఏం పర్లేదు. చెయ్యి చురుక్కుమని వెనక్కి వచ్చేస్తే బేరింగు పోతున్నట్టే. రెండు వైపులా చూడు, ఒకటి చల్లగా ఉండి రెండోది కాలుతుంటే అక్కడే మెకానిక్‌ని పిలువు. ఇంకో యాభై కిలోమీటర్లు లాగుదామని ఆశపడకు, చక్రం ఊడి నీకంటే ముందు వెళ్లిపోతుంది. ట్రైలర్ చక్రం సైజు జీపుకి రాదు, దానికి వేరే స్టెప్నీ పెట్టుకో.

లోడు విషయంలో మాత్రం కూలీల మాట వినకు. వాళ్లు ఏది ముందు చేతికొస్తే అది పెడతారు. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, పుస్తకాల పెట్టెలు ఇరుసుకి కొంచెం ముందు రావాలి. పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు వెనక్కి. మొత్తం బరువులో పదో వంతు, ఇంకాస్త ఎక్కువైనా పర్లేదు, హుక్కు మీద పడాలి. వెనక బరువెక్కువైతే స్పీడు అందుకోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. చిన్నగా మొదలై జీపుని కూడా ఊపేస్తుంది. అప్పుడు అందరూ బ్రేకు తొక్కేస్తారు. నువ్వు తొక్కకు. స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్, దానంతటదే సర్దుకుంటుంది. తర్వాత ఆగి లోడు ముందుకి జరుపు. అరవై దాటొద్దు. నీ ట్రైలరుకి సొంత బ్రేకుల్లేవు, దాని బరువంతా నీ జీపే ఆపాలి. హుక్కు పిన్నుకి స్ప్లిట్ పిన్ను ఉందా, సేఫ్టీ చైన్లు తగిలించావా, వెనక లైట్లు వెలుగుతున్నాయా అని ఆగిన ప్రతిచోటా చూడు. మధ్యాహ్నం చూశాగా అనుకోకు.

కుక్కల దగ్గరికొస్తున్నాను. జీపులో చోటు చాల్లేదని వాటిని ట్రైలర్లో వెయ్యాలన్న ఆలోచన వస్తే అక్కడే మానుకో. ఆ కుదుపు, చలి, సైలెన్సర్ పొగ వాటికి నరకం. జీపులో కూడా బెల్టో, ఒంటికి తొడిగే హార్నెస్సో వేసి సీటుకి కట్టు. తల కిటికీలోంచి బయటికి పెట్టనివ్వకు. నాగపూర్ నుంచి ఆదిలాబాద్ దాకా పొద్దున్నపూట చలి గట్టిగా ఉంటుంది, ఆదిలాబాద్‌లో పది డిగ్రీల లోపుకి దిగిపోతుంది. మీ లాబ్రడార్‌కి బొచ్చు ఉంది కానీ ముసలిది, కీళ్లు పట్టేస్తాయి. దింపిన వెంటనే పరుగెత్తించకుండా మెల్లగా నడిపించు. వీధిలో దొరికిన రెండోదానికి బొచ్చు పల్చన, చలికి ముందు వణికేది అదే. కింద గోనెసంచి, పైన పాత దుప్పటి వెయ్యి. తడిస్తే వెంటనే మార్చు.

బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే కొంచెం తిండి పెట్టు. కడుపు నిండా పెడితే ఔటర్ ఎక్కేలోపు సీటంతా కడుక్కోవాలి. రెండు గంటలకోసారి ఆపి నీళ్లు తాగించు, పాసు పోయించు. ధాబా కూరలు వాటికి పెట్టకు, ఉల్లిపాయ వాటికి విషం. ఉడికిన కోడి ఎముకలు కూడా వద్దు, చీలికలై గొంతులో గుచ్చుకుంటాయి. ఇంట్లో కలిపిన పెరుగన్నం ఒక డబ్బాలో తెచ్చుకో. రేబిస్ టీకా వేయించిన కార్డు దగ్గర పెట్టుకో, మెడపట్టీ మీద నీ ఫోన్ నెంబరు రాయించు. రాత్రి హోటలు వాడు కుక్కల్ని రానివ్వకపోతే, జీపులో అద్దాలు మూసి ఇంజను ఆన్‌లో పెట్టి పడుకుందామని మాత్రం అనుకోకు. ఆ పొగలో ఉండే విషవాయువుకి వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు. రూము దొరికే చోటు ముందే ఫోన్ చేసి కనుక్కో.

ఇంకో సంగతి నీకు ఎవరూ చెప్పరు, నా అనుభవం కాబట్టి చెబుతున్నాను. పదిహేనేళ్ల కిందట ఒక పెళ్లికి జనరేటరు ట్రైలరు లాక్కెళ్తున్నాను. మా నల్లకుక్క పక్క సీట్లో ఉంది. కొత్తపేట దాటాక కాలవగట్టు మీద ఎదురుగా బస్సొచ్చింది. దారివ్వడానికి వెనక్కి తీశాను. చీకటి, కంగారు. ట్రైలర్ అడ్డంగా మడిచిపోయి కుడి చక్రం గట్టు జారింది. దిగి చూద్దామని తలుపు తీశాను, అంతే, కుక్క నా మోకాలి మీంచి దూకి చేలల్లోకి పోయింది. ట్రైలర్ని పదిమంది మోకులేసి గంటలో లాగేశారు. కుక్క దొరకడానికి రెండు రోజులు పట్టింది, ఎవరి కొబ్బరి షెడ్డులోనో బురదతో, ఆకలితో ఉంది. అందుకని తలుపు తియ్యకముందే తాడు చేతికి చుట్టుకో. వెనక్కి తీసేటప్పుడు స్టీరింగు అడుగుభాగం పట్టుకో, నీ చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ అటే వెళ్తుంది. ఊరవతల ఖాళీ స్థలంలో ఒక పూట సాధన చెయ్యి.

ఇదంతా ఒక ఎత్తు, మన ప్రాంతం ఒక ఎత్తు. తొమ్మిది వందల కిలోమీటర్లు జాగ్రత్తగా వచ్చి, ఇల్లు దగ్గర పడ్డాక కాలు బరువెక్కేవాళ్లని చాలామందిని చూశాను. ఇప్పుడు దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లకి చేలన్నీ నీళ్లతో ఉన్నాయి, కాలవలు, చెరువులు సరే సరి. గాలి ఆడని రాత్రి మంచు దిగిందంటే పొద్దున్న ఎనిమిదిదాకా బానెట్ కనపడదు. అందులో హై బీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు, లో బీమ్‌లోనే పెట్టు. ఎడమవైపు తెల్లగీత పట్టుకుని నడుపు. ఆగాల్సొస్తే రోడ్డంచున ఆగకు, బంకులోకో ధాబాలోకో వెళ్లిపో. బయటి మంచుకి తోడు నీ జీపులో ఇంకో మంచు ఉంటుంది, రెండు కుక్కలూ రొప్పుతుంటే అద్దం లోపలంతా ఆవిరి పట్టేస్తుంది. ఏసీ వేసి గాలి అద్దం మీదకి తిప్పు, చేత్తో తుడిస్తే మరకలై ఎదుటి లైట్లకి ఇంకా కనపడదు.

అందుకే మూడో రోజు సూర్యాపేటలో మంచు విడిచాకే బయలుదేరు. సాయంత్రం నాలుగుకి తణుకు దాటకపోతే తణుకులోనే పడుకో. ఇంటికి గంటన్నర దూరమే కదా అని చీకట్లో రావద్దు. రావులపాలెంలో అరటిగెలల బళ్లు, ఆ తర్వాత లైట్లు లేకుండా ఆగిన కొబ్బరి లారీలు, పక్కనే కాలవ. నాలాంటి వాడే ఆ గట్టు మీద బోల్తా కొట్టబోయాడు. ఎలాగో ఆలస్యమై పండగ రోజుల్లో వచ్చేట్టయితే కనుమ నాడు మాత్రం మా ఊరివైపు తలపెట్టకు. జగ్గన్నతోట తీర్థానికి జనం భుజాల మీద మోసుకెళ్లే దేవుడి ప్రభలు కదులుతాయి, రోడ్ల మీద మనిషి నడవడానికే చోటుండదు.

సిద్ధాంతం బ్రిడ్జి దాటగానే ఫోన్ చెయ్యి. మోటారు సైకిల్ మీద రావులపాలెం వచ్చి నీ ముందు నడుస్తాను. మీ వీధిలో ట్రైలర్ తిరగదు, మా కొబ్బరి షెడ్డులో విప్పి పెడదాం, సామాను మర్నాడు ఆటోలో వేయిద్దాం. మీ అమ్మ కోళ్లని నాలుగు రోజులు మా దొడ్లో ఉంచమన్నాను, ఒప్పుకోలేదు. కాబట్టి గేటు దగ్గర కుక్కల్ని దించేటప్పుడు కూడా తాడు నీ చేతిలోనే ఉండాలి.

మీ మావయ్య