మా బచత్ గట్ టెండరు పక్కన పెట్టిండ్రు, కోర్టుకు పోవాలా?

ప్రశ్న: కాకా, నమస్తే. మాది మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గరి పల్లె. పన్నెండు మంది ఆడోళ్లం కలిసి బచత్ గట్ (పొదుపు సంఘం) నడుపుతున్నం. ఒక సర్కారీ హాస్టల్‌కు భోజనం టెండరు వేసినం. టర్నోవర్ మీద సీఏ ఇచ్చిన సర్టిఫికెట్‌కు యూడీఐఎన్ (సీఏ సర్టిఫికెట్ మీద ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు) లేదని టెక్నికల్‌లోనే, అంటే కాగితాలు చూసే దశలోనే తీసేసిండ్రు. మా రేటు తెరవనే లేదు. టెండరు దక్కినాయన ఫుడ్ లైసెన్సుకేమో గడువు దాటిపోయిందట. ఇరవై రోజులైంది. ధర్మాబాద్ కోర్టుల దావా వెయ్యమని ఒకరు, హైకోర్టని ఒకరు అంటున్నరు. ఏం చెయ్యాలె?
– ఒక బచత్ గట్ కార్యదర్శి

జవాబు: బిడ్డా, నేను వకీలును కాను. సర్కారీ దఫ్తరులో ముప్పై ఏళ్లు టెండరు పెట్టెకు గుడ్డ చుట్టి లక్క సీలు వేసిన గుమాస్తాను. ఓడిపోయిన ప్రతివాళ్లూ నా బల్ల దగ్గరికొచ్చి "మాదే తక్కువ రేటు" అని మొత్తుకునేవాళ్లు. ఆ మాట ఏ కోర్టులోనూ నడవదు. 1994లో టాటా సెల్యులార్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎవరికిచ్చారన్నది అప్పీలులా తూచరు, ఎట్లా తేల్చారన్నది చూస్తారు. అందుకని మీ రేటు సంగతి మరిచిపోండి.

మీ ఉత్తరంలో ఉన్నవి రెండు ఫిర్యాదులు. కలిపి చెప్తే రెండూ పలచబడతాయి.

మొదటిది యూడీఐఎన్. "లేకుంటే తిరస్కరిస్తాం" అని టెండరు కాగితంలోనే ఉంటే మీకు కష్టమే. మీ వకీలు 1991 నాటి పొద్దార్ స్టీల్ కేసు తీస్తాడు చూడండి. అక్కడ బయానా సొమ్ముకు స్టేట్ బ్యాంకు డ్రాఫ్టు అడిగితే ఒకరు యూనియన్ బ్యాంకు చెక్కు పెట్టారు. అసలు షరతులు వేరు, పక్క షరతులు వేరని సుప్రీంకోర్టు దాన్ని చెల్లనిచ్చింది. అయితే అక్కడ సడలించింది దఫ్తరే. మీ దఫ్తరు సడలించనంది. కేసు పేరు చెప్పి ఈ తేడా మింగేసే వకీళ్లను నేను చాలామందినే చూశాను. పైగా 2016లో నాగ్‌పూర్ మెట్రో తగాదాలో, షరతు అర్థం దాన్ని రాసినవాళ్లకే బాగా తెలుస్తుందని కూడా అదే కోర్టు అంది.

మీ బలమంతా రెండోదాంట్లోనే ఉంది. మీకు పట్టిన జల్లెడే టెండరు దక్కినాయన లైసెన్సుకూ పట్టారా? 1977లో బొంబాయి ఎయిర్‌పోర్టులో హోటలు నడపడానికి టెండరు పిలిచి, ఐదేళ్ల అనుభవమున్న రెండో తరగతి హోటలు యజమాని కావాలన్నారు. చివరికి ఆ అర్హత లేనివాడికిచ్చారు, నెలకు 6,666 రూపాయల 66 పైసలకు. తాను పెట్టిన షరతుకు సర్కారు తానే కట్టుబడాలని 1979లో రమణ దయారాం శెట్టి తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. చెప్పి, కాంట్రాక్టు మాత్రం రద్దు చేయలేదు! శెట్టిగారు ఐదు నెలలు దాటాక కోర్టుకెక్కారు. ఈలోపు అవతలాయన డబ్బు పోసి హోటలు సర్దుకున్నాడు. న్యాయం ఒప్పుకున్నారు, పని ఆపలేదు. మీ ఇరవై రోజులు నాకు గుబులు పుట్టిస్తున్నది అందుకే.

ఒక సంగతి ఒప్పుకుంటా. మా దఫ్తరులో ఒకసారి ఇద్దరి కాగితాల్లో లోపముంది. ఒకరికి ఫోను చేసి "రేపటికల్లా తెచ్చివ్వు" అన్నారు, రెండోవాళ్లకు చెప్పలేదు. ఆ ఫోను చేసింది నేనే, సాహెబు చెప్తే. ఫైల్లో దాని ఊసు లేదు గాని, కాగితం దఫ్తరుకు అందినట్టు వేసే ఇన్‌వర్డు ముద్ర మాత్రం మరునాటి తేదీతో ఉండిపోయింది. మీరూ అట్లాంటి తేదీలే వెతకండి. తిరస్కరించిన కారణం రాతపూర్వకంగా ఇమ్మని, కమిటీ మినిట్స్ (సమావేశంలో ఏం తేల్చారో రాసిన కాగితం) నకలు ఇమ్మని ఈరోజే దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తూ పెట్టండి గాని, దాని ముప్పై రోజులూ కూర్చోకండి.

దావా ధర్మాబాద్‌లో వేస్తే వాయిదాలతోనే ఏడాది కాంట్రాక్టు అయిపోతుంది. రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్, అంటే సర్కారు చేసిన పని మీద నేరుగా హైకోర్టులో పిటిషను వేయాలి. మన నాందేడ్ జిల్లాకు బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి.

స్టే మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. జగదీశ్ మండల్ వర్సెస్ ఒరిస్సా అనే టెండరు కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జడ్జీలు రెండు చూస్తారు: దురుద్దేశమో పక్షపాతమో ఉందా, లేక బుద్ధున్న అధికారి ఎవరూ చేయని పనా అన్నది ఒకటి, జోక్యం చేసుకుంటే ప్రజలకు నష్టమా అన్నది రెండోది. రేపు పొద్దున పిల్లలకు అన్నం ఎవరు వండుతారని అడిగితే మీ దగ్గర జవాబుండాలి. పాత ఏర్పాటు నడవనిచ్చి, బిడ్లు మళ్లీ పరిశీలించమని అడగండి. టెండరు మాకే ఇవ్వమంటే బేరం చెడుతుంది. గెలిచినా దక్కేది మరోసారి పరిశీలనో, మళ్లీ టెండరో. వకీలు ఫీజు పన్నెండు మంది మీద ఎంత పడుతుందో ముందే గట్‌లో కూర్చుని మాట్లాడుకోండి.

ఇంకొకటి. గడువు "దాటిపోయిందట" అని రాశారు. ఆ "అట"తో ఔరంగాబాద్ బండెక్కకండి. లైసెన్సు నంబరు కొట్టి ఫుడ్ సేఫ్టీ వాళ్ల సైటులో చూడండి. ఈరోజు చెల్లుతుందా అని కాదు, బిడ్లకు ఆఖరి తేదీ నాడు చెల్లిందా అని. ఆ రోజుకు చెల్లి ఉంటే, రైలు టికెట్టు డబ్బులు మిగుల్చుకోండి.