డ్రిల్లింగ్ రిజల్టు చూసి షేరు కొంటనన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

హన్మకొండల అందరం బాగున్నం. పెర్త్ నుంచి నువ్వు పంపిన రెండు బంగారం కంపెనీల ప్రకటనలు చదివిన. మొదటిదాంట్ల బోరుకు 420 మీటర్ల లోతుల 2 మీటర్ల రాయి తగిలింది, అండ్ల టన్నుకు 40 గ్రాముల బంగారం. రెండోదాంట్ల 12 మీటర్ల కాడికెల్లే 45 మీటర్లు, టన్నుకు 1.8 గ్రాములు. "నలభై ఎక్కడ, రెండు కూడ లేనిదెక్కడ, మొదటిదే కొంట మామా" అన్నవు. జర ఆగు.

ముందు మీటర్లను గ్రాములతోని గుణించు. మొదటిది 80, రెండోది 81. వీటిని గ్రామ్-మీటర్లు అంటరు. రెండు బోర్లకు తగిలిన బంగారం ఇంచుమించు సమానమే అన్నట్టు. ఇగ తేడా ఉన్నది లోతుల. 12 మీటర్ల కాడ మొదలైతే పైనుంచే తవ్వుకుంట పోయే ఓపెన్‌కాస్ట్ పెట్టుకోవచ్చు. 420 మీటర్లకైతే బాయి దించాలె, గాలి పంపాలె, నీళ్ళు తోడాలె, కప్పుకు సపోర్టు పెట్టాలె. ఆ ఖర్చంత ఆ 2 మీటర్ల రాయే ఎల్లదియ్యాలె. మన రామగుండం ఓసీపీలల్ల (ఓపెన్‌కాస్ట్ గనులల్ల) టన్ను బొగ్గుకు ఎంత ఓబీ, అంటే బొగ్గు మీది మట్టి, రాయి, తియ్యాల్నో చూసినంకనే లాభం మాట ఎత్తుతరు గదా, బంగారానికీ అంతే.

అట్లని రెండోది కొనుమంటలేను. దాని కింద చిన్న అక్షరాలల్ల 'ఇంక్లూడింగ్' అని ఒక లైనున్నది, చూసినవా? ఆ 45 మీటర్లల్ల ఒక్క మీటరుల్నే టన్నుకు 54 గ్రాములు. 81లకెల్లి 54 తీసెయ్యి, మిగిలేది 27. దాన్ని మిగిలిన 44 మీటర్లకు పంచు. టన్నుకు 0.6 గ్రాములు! గరిటెడు నెయ్యి గంగాళమంత అన్నంల కలిపి నేతిబువ్వ అన్నట్టున్నది కథ. 0.6తోని నడిచే పెద్ద గనులు లేకపోలేదు గని, వాటికి టన్నులు కోట్లల్ల ఉండాలె. నువ్వు ఏ ప్రకటన చూసినా ముందు ఈ తీసివేత చెయ్యి. కటాఫ్ (ఇంతకన్న తక్కువ బంగారముంటే లెక్కల పట్టమనే హద్దు) ఎంత పెట్టిన్రు, నడుమ ఉత్త రాయి ఎన్ని మీటర్లు కలుపుకున్నరు అన్నది కూడ చూడు. ఆస్ట్రేలియాల గని ఫలితాలు ఎట్ల ప్రకటించాల్నో చెప్పే జోర్క్ కోడ్ ప్రకారం ప్రకటన చివర్ల 'టేబుల్ 1' అని పెడ్తరు, అండ్ల దొరుకుతది. ఎవ్వరు చదవరు దాన్ని, నువ్వు చదువు.

అండ్లనే 'ట్రూ విడ్త్', అంటే రాతి అసలు మందం, ఏమని రాసిన్రో చూడు. బోరు ఆ రాతిని అడ్డంగ కోసిందా, దాని వెంబడే జారుకుంట దిగిందా? 30 డిగ్రీల కోణంల తాకితే, 2 మీటర్లన్నదాని అసలు మందం ఒక్క మీటరే. అసలు మందం తెలవదని రాస్తే, నేనైతే సగమే లెక్క పట్టుకుంట.

ఇంకొకటి. సింగరేణి బోర్లు చూసిన మా అసొంటోళ్ళకు ఒక ధీమా ఉంటది. గోదావరి లోయల బొగ్గు పొరలు పొరలుగ పరుచుకున్నది, ఈ బోర్ల తగిలిన సీమ్ (బొగ్గు పొర), నడుమ ఫాల్టు పడి తెగకపోతే, అర కిలోమీటరు అవతల కూడ తగులుతది. బంగారానికి ఆ ధీమా పనికిరాదు. ఈడ టన్నుకు 40 గ్రాములున్న బంగారపు దార ఇరవై మీటర్ల అవతల ఏమీ లేకుంట మాయమైతది. అందుకే ఒక్క బోరును నమ్మకు. కొట్టిన బోర్లన్నిటి పట్టిక అడుగు, ఉత్తగ పోయినవాటితో సహా.

కోర్ రికవరీ సంగతి నీకు కొత్త. కోర్ అంటే బోరులకెల్లి తీసే గుండ్రటి రాతి కడ్డీ, అది ఎంత దక్కిందన్నదే రికవరీ. ఒక్కసారి కొట్టిన 3 మీటర్ల రన్నుకు కోర్ పెట్టెల 2 మీటర్లే వస్తే, పోయిన మీటరుల ఏమున్నదో ఎవ్వడు చెప్పలేడు. మెత్త బొగ్గు నీళ్ళతోని కొట్టుకపోవుడు మాకు రోజూ ఉన్నదే. నీ రెండో కంపెనీది ఆర్‌సీ డ్రిల్లింగు, రాయి ముక్కలై గాలితోని పైకొస్తది. నీటిమట్టం కింద శాంపిల్ తడిస్తే, పై మీటరు బంగారం కింది మీటర్లకు అంటుకునే ప్రమాదమున్నది. శాంపిళ్ళు పొడిగున్నయా అన్నది కూడ టేబుల్ 1లనే ఉంటది.

కోర్‌ను నిలువున రెండు ముక్కలు కోసి, ఒకటి ల్యాబ్‌కు పంపి, ఇంకోటి దాచుడు రివాజు. ఇండోనేషియాల బుసాంగ్ కాడ బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ కోర్ మొత్తం నూరి పంపేది, తిరిగి చూద్దామంటే సగం ముక్క లేదు. 1997ల బయటోళ్ళు పక్కపొంటి బోర్లేస్తే చెప్పుకోదగ్గ బంగారమే లేదు. శాంపిళ్ళల్ల బంగారం కలిపిన్రని తేలింది. షేరు చిత్తుకాగితమైంది.

రెండు కంపెనీల చేతుల పైసలెంతున్నయో 'అపెండిక్స్ 5బీ' అనే పైసల లెక్క కాగితంల చూసుకో, మూడు నెలలకోసారి వస్తది. పైసలు ఒడిసే టైముల మంచి రిజల్టు వచ్చిందంటే, ఎన్కనే కొత్త షేర్లు అమ్ముతరు, నీ వాటా పలుచనైతది.

రెండోదాని సెక్షన్ బొమ్మ (భూమిని నిలువున కోసినట్టు బోర్లను చూపేది), శాంపిళ్ళ వివరం నాకు పంపు. మొదటిదానికి ఆ 420 మీటర్ల బోరు పక్కపొంటి ఇంకో రెండు మూడు బోర్ల రిజల్టు వచ్చేదాక పైసలు తియ్యకు. రాఖీకి వస్తనన్నవట, అమ్మ చెప్పింది. టికెట్ అయినంక ఫోన్ చెయ్యి.

మీ మామ