బుద్బుదమా, బుడగా, బుగ్గా?

సందేహం: చర్మ క్యాన్సర్ గడ్డలకు అల్ట్రాసౌండ్‌తో, మైక్రోబబుల్స్‌తో చేసే చికిత్స గురించి మా కాలేజీ గోడపత్రికకు రాస్తున్నాను. ‘సన్నబుగ్గలు’ అని రాస్తే మోటుగా ఉందన్నారు, ‘సూక్ష్మబుద్బుదాలు’ అనమన్నారు. ఏది సాధువు?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: బుగ్గ మోటుమాట కాదమ్మా. చెంప బుగ్గే, నీటిమీద లేచేదీ బుగ్గే. మన దిక్కు పిల్లలు ఊదే బెలూనూ, ఇంట్లో వెలిగే బల్బూ బుగ్గలే. ఊట అన్న అర్థం బెల్లంపల్లి దగ్గరి బుగ్గ గుడి పేరులో నిలిచింది. కన్నడిగులూ ఊటను బుగ్గె అంటారు. లోపలి ఒత్తిడికి పైకి ఉబ్బడమే వీటన్నిటినీ కలిపే గుణమని నాకు తోస్తుంది.

మీరు రాస్తున్న మైక్రోబబుల్ చేసే పని కూడా అదే. దాని అడ్డుకొలత 1 నుంచి 10 మైక్రోమీటర్లు, అంటే దాదాపు ఎర్ర రక్తకణమంత. పైన కొవ్వు పొర, లోపల నెత్తుట్లో తొందరగా కరగని బరువైన వాయువు. గాలి నింపితే క్షణాల్లో కరిగిపోతుంది. మందుతోపాటు వీటిని ఎక్కించి, చర్మానికి జెల్ పూసి, గడ్డమీద ధ్వనిని పంపే ప్రోబ్ ఆనిస్తారు. జెల్ లేకుంటే నడుమ చిక్కిన గాలి ధ్వనిని వెనక్కి కొడుతుంది. 1 మెగాహెర్ట్జ్ ధ్వని తగిలితే బుగ్గ సెకనుకు పది లక్షలసార్లు ఉబ్బి ముడుచుకుంటుంది. ఆ కుదుపుకు పక్కనున్న కణాల పొరలో తాత్కాలికంగా తూట్లు పడి మందు లోపలికి దిగుతుంది. ధ్వని ఒత్తిడి చాలకుంటే తూట్లు పడవు. మితిమీరితే బుగ్గలు ఒక్కసారిగా చితికి సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి.

‘బుడగలు పేలి క్యాన్సర్ మాయం’ అని రాసేవారు ఇది గమనించాలి. గడ్డను కరిగించాల్సింది మందు, బుగ్గ దానికి దారి తెరుస్తుంది. ఈ పద్ధతి ఇంకా చాలావరకు పరిశోధన దశలోనే ఉంది. మాయం అన్న మాట రోగికి లేని ఆశ పెడుతుంది. ‘బబుల్స్‌లు’ మరీ అన్యాయం, ఒక మాటకు రెండు బహువచనాలా?

బుద్బుదం, బుడగ రెండూ నీటి బుడబుడలోంచి పుట్టినవే అనిపిస్తాయి. ఒకదాన్నుంచి మరొకటి వచ్చిందని పట్టుబట్టను. అయితే నీటిబుడగ అనగానే తెలుగువాడికి తోచేది అశాశ్వతం. అల్ట్రాసౌండ్‌కు అతిధ్వని అన్న మాట పారిభాషికంగా సరే గానీ, పామరుడికి పెద్ద చప్పుడులా వినిపిస్తుంది. అది 20,000 హెర్ట్జ్‌లు దాటి మన చెవికి అందని ధ్వని అని ఒక్క ముక్క చేర్చండి. ట్యూమర్‌కు కణితి, కంతి, గడ్డ మూడూ చెల్లుతాయి.

మన పాలకుర్తి సోమనాథుడు జాను తెనుగును మెచ్చింది అది ‘సర్వసామాన్యమగుట’ చూసే. గోడపత్రిక చదివేదీ ఆ సర్వసామాన్యులే కదా! కనుక నా మొగ్గు సన్నబుగ్గకే. పరిశోధన వ్యాసంలో సూక్ష్మబుద్బుదం అంటే తప్పుపట్టను. సూక్ష్మబుగ్గ అని మాత్రం అతికించకండి, అది సంస్కృతపు మాటకు తెలుగు మాటను అంటగట్టే వైరిసమాసం. సూక్ష్మమైన బుగ్గ అనవచ్చు.