పేరు వెతికితే పాత క్లినిక్ ఫోన్ నంబరే వస్తోందా?

డాక్టర్ గారూ, మీరు మూడు చోట్ల కాంట్రాక్టు మీద పనిచేస్తున్నా, గూగుల్‌లో మీ పేరు కొడితే ఏడాది కిందట వదిలేసిన క్లినిక్ నంబరే వస్తోందన్నారు కదా. నాకూ ఇదే జరిగింది. నా కోసం ఫోన్ చేసినవాళ్లని ఆ పాత క్లినిక్ వాళ్లు వేరే డాక్టరుకి పంపేవారు!

ముందు ఆ గూగుల్ ప్రొఫైల్, అంటే వెతికితే మీ పేరు, నంబరు, చిరునామా, రివ్యూలు కనిపించే ఆ పెట్టె, ఎవరి చేతిలో ఉందో చూడండి. ఎవరూ క్లెయిమ్ చేయకపోతే (ఇది నాదే అని గూగుల్‌కి చెప్పకపోతే) మీరే చేసుకోండి. క్లినిక్ చేతిలో ఉంటే ఓనర్‌షిప్ కోసం అక్కడే రిక్వెస్ట్ పెట్టొచ్చు. దాన్ని తీసేసి కొత్తది తెరవాలని మాత్రం తొందరపడకండి, పాత రివ్యూలు పోగొట్టుకుంటారు. చిరునామా, ఫోన్ నంబరు మారిస్తే చాలు. పేరు దగ్గర మీ పేరే ఉండాలి, ఆసుపత్రి పేరు తగిలించకూడదు. అది గూగుల్ నియమమే.

అసలు మందు సొంత వెబ్‌సైట్. ఒక్క పేజీ చాలు: చదువు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ రోజు ఎక్కడ ఉంటారు, అపాయింట్‌మెంట్‌కి ఏ నంబరు. డొమైన్ (వెబ్‌సైట్ పేరు) మీ సొంత ఈమెయిల్‌తోనే కొనండి. "మేం చూసుకుంటాం సార్" అనే ఏజెన్సీ పేరు మీద ఉంటే రేపు మళ్లీ ఇదే తంటా.

కాంట్రాక్టు కూడా ఓసారి తిరగేయండి. మానేశాక మీ పేరూ ఫొటోలూ ఎన్నాళ్లలో తీసేయాలో అందులో ఉందా? లేకపోతే ఈసారి రాయించుకోండి.

రివ్యూలకి జవాబు ఎలా ఇవ్వాలనీ అడిగారు. ఎవరైనా తిట్టినా "మీరు ఆ రోజు వచ్చినప్పుడు" అని మొదలుపెట్టకండి. ఆయన మీ పేషెంటని మీరే బయటపెట్టినట్టవుతుంది. "దయచేసి ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని ఆపేయండి.