నోటుపుస్తకంలో నిమిషాలు

పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నది పర్లాకిమిడిలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరైన ఒక పాఠకురాలు. 2006 నుంచి ఆమె పరుగెత్తుతున్నారు.

ప్రశ్న: నా వయసు 51. గుణుపురంలో బ్యాంకులో పనిచేస్తున్నాను. ఎనిమిదేళ్లుగా వంశధార గట్టున పరుగెత్తుతున్నాను. పది కిలోమీటర్లు ఒకప్పుడు 54 నిమిషాల్లో అయ్యేవి, ఇప్పుడు 63 పడుతోంది. ఎంత ప్రయత్నించినా తగ్గడం లేదు. మా అబ్బాయి కొనిచ్చిన వాచీ వైపు చూడాలంటేనే దిగులు. ఇంకా కష్టపడాలా, మానేయాలా, టీచరు గారూ?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: మానేయకండి. ఇంకా కష్టపడకండి కూడా. రెండో మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా నోటుపుస్తకాలు తెరవాలి.

2006 మే నెలలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పిల్లవాడు పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఒడిశా అంతా అదే మాట. సెలవులయ్యాక బడి తెరిచేసరికి మా పిల్లలు కూడా మైదానంలో ఊపిరి ఆడనంతగా పరుగులు తీస్తున్నారు. అంత లేత కాళ్ల మీద అంత భారం మోపడం అప్పుడూ ఇప్పుడూ నాకు బాధే. వాళ్ల జోరు తగ్గాలంటే పక్కన ఒక పెద్ద మనిషి నెమ్మదిగా పరుగెత్తాలి అనిపించింది. అలా మొదలైంది. నాకప్పుడు 41 ఏళ్లు.

కొన్నేళ్లకు మైదానం చాలలేదు. ఇంటి నుంచి మహేంద్రతనయ వంతెన దాకా, వంతెన దాటి పాతపట్నం చివరి దాకా వెళ్లి వెనక్కి తిరిగితే సరిగ్గా పది కిలోమీటర్లు. దుకాణాల బోర్డులు ఇటు ఒడియాలో, అటు తెలుగులో. దారిలో పాలు పోసే పెద్దాయన ‘కెమితి అఛంతి?’ అని పలకరిస్తే ‘బాగున్నాను బాబూ’ అని తెలుగులోనే బదులిచ్చేదాన్ని. ఆయనకూ నాకూ రెండూ వచ్చు. ఇంటికొచ్చి చోడి అంబలి తాగి, నోటుపుస్తకంలో తేదీ, నిమిషాలు రాసుకునేదాన్ని. 2013 జనవరిలో ఒక రోజు 58 అని రాశాను. నా జీవితంలో అదే తక్కువ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాను అది ఎలా ఊడ్చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. నేను పరుగెత్తే దారి మీద చింతచెట్లు, మర్రిచెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి. మళ్లీ పరుగు మొదలుపెట్టాక 2019 వేసవి పేజీల్లో 65, 66, 68 అని ఉంది. నాకు 54 వచ్చాయి, వయసు మీద పడింది అనుకున్నాను. మీలాగే పట్టుదల పెరిగింది. వారానికి మూడు రోజులు ప్రాణం పెట్టి వేగంగా పరుగెత్తాను. నాలుగో నెలలో ఎడమ మడమ వెనక స్నాయువు వాచి, పొద్దున్నే మంచం దిగి అడుగు వేయలేని స్థితి వచ్చింది. రెండున్నర నెలలు ఇంట్లో కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే పాత పుస్తకాలన్నీ ముందేసుకుని నెలల వారీగా చదివాను. తుపాను తర్వాత కూడా డిసెంబరు, జనవరి పేజీల్లో 61, 62 ఉన్నాయి. 66, 68 అన్నీ ఏప్రిల్ నుంచి జూన్ లోపలివే. తుపానుకు ముందు అవే వేసవి నెలల్లో 62 దాటలేదు. ఒక్క ఏడాదిలో మారింది నా కాళ్లు కాదు, నెత్తిన నీడ. ఎండలో పరుగెత్తేటప్పుడు ఒళ్లు చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు కూడా పంపాలి. కండరాలకు మిగిలేది తగ్గుతుంది. అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. మన ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట పడుతుందే గాని ఆరదు, ఆరితేనే చల్లదనం. ఇదంతా పుస్తకంలో ఒకే అంకెగా కనబడుతుంది. ఆ అంకెను నేను వయసు అని చదివాను. చెట్లు పోయిన దుఃఖం అందులో ఉందని తెలిశాక ఆ పేజీల మీద చాలాసేపు చెయ్యి వేసి కూర్చున్నాను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను: ఆ 63 ఏ నెలలోది? మే నెల పరుగును జనవరి పరుగుతో పోలుస్తున్నారా? పోయిన ఏడాది ఇదే నెలలో, ఇదే గట్టు మీద ఎంత పట్టిందో చూడండి. నిమిషాల పక్కన ఎండో మబ్బో, రాత్రి నిద్ర పట్టిందో లేదో కూడా రాయండి. మార్చి నెలాఖరు లెక్కల రోజుల్లో బ్యాంకు మనిషికి నిద్ర ఎక్కడిది?

వయసు ఏమీ చేయదని మాత్రం అనను. ఏళ్లు గడిచేకొద్దీ గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం తగ్గుతుంది, కండ తగ్గుతుంది, అలసట తీరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. నాకిప్పుడు పది కిలోమీటర్లకు 71 నిమిషాలు. వారానికి నాలుగు రోజులే పరుగెత్తుతాను. అందులో ఒక్క రోజే వేగం, ఆ రోజే వాచీ. తక్కిన మూడు రోజులు పద్యాలు చదువుకుంటూ వెళ్తాను. ఆటవెలది తడబడకుండా అప్పగించగలిగితే వేగం సరిపోయినట్టు. పాదం మధ్యలో ఊపిరి తెగితే తగ్గించాలి. మీకు పద్యాలు రాకపోతే పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తండి, అదీ అంతే. మిగిలిన రోజుల్లో రెండు రోజులు మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు మెల్లగా దించి లేపడం, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం. ఈ రెండూ మొదలుపెట్టాక స్నాయువు మళ్లీ నన్ను బాధించలేదు. ఒక్క హెచ్చరిక: పరుగులో గుండెల్లో బిగువు గాని, కళ్లు తిరగడం గాని, ఎన్నడూ లేని ఆయాసం గాని కనిపిస్తే వాచీ సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ప్రశ్న: పరుగు బూట్లు ఎన్నాళ్లకు మార్చాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఏళ్లతో కాదు, దూరంతో లెక్క. సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు. పైకి కొత్తగా కనిపించినా లోపలి మెత్తదనం అణిగిపోతుంది. కొన్న రోజే తేదీ రాసి పెట్టుకుని, అప్పటి నుంచి పరుగెత్తిన కిలోమీటర్లు కూడుకుంటూ పోండి.

ప్రశ్న: రాయగడలో డిగ్రీ చదువుతున్నాను. పొద్దున ఐదింటికి పరుగెత్తాలని ఉంది. వీధికుక్కల భయం, దారిలో మాటల భయం. అమ్మ ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: అమ్మాయీ, మీ అమ్మగారి భయం ఉత్తది కాదు, దాన్ని కొట్టిపారేయకు. మొదటి ఆరు నెలలు రోడ్డు వద్దు, మైదానంలోనే పరుగెత్తు. వెలుగు వచ్చాక వెళ్లు, ఒక స్నేహితురాలిని వెంట తీసుకెళ్లు. కుక్క వెంటబడితే పరుగు ఆపేయాలి. పరుగెత్తేకొద్దీ అది తరుముతుంది. నిలబడి, దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా పక్కకు నడువు. కరిచినా గీరినా వెంటనే కుళాయి నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి. చిన్న గాటే కదా అని ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

ఇక మాటలు. నాకూ వినబడ్డాయి. అప్పట్లో మా అత్తగారు శాలువా కప్పుకుని నాతో మైదానానికి వచ్చి గట్టు మీద కూర్చునేవారు. ఆవిడ అక్కడ ఉండగా ఎవరూ నోరు మెదపలేదు. మీ అమ్మగారిని కూడా ఒకసారి రమ్మను. ఆవిడకు ఒక పని అప్పగించు. మా అత్తగారు ఎడమచేతి గుప్పిట్లో పన్నెండు చింతపిక్కలు పెట్టుకుని, నేను ఒక్కో చుట్టు పూర్తి చేసినప్పుడల్లా ఒకటి కుడిచేతిలోకి మార్చేవారు. ఎడమచెయ్యి ఖాళీ అయ్యేదాకా నన్ను ఆగనిచ్చేవారు కాదు.