నార్కోలెప్సీ ఉంది, రాత్రి చెరువు కాపలా చేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 24 ఏళ్లు. భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రి కాపలా, నీటికి గాలి అందించే ఏరేటర్లు చూసుకోవడం నా పని. ఇంటర్ చదివే రోజుల నుంచి పగలు ఆపుకోలేని నిద్ర వస్తోంది. గట్టిగా నవ్వితే మోకాళ్లు పట్టు తప్పి కూలబడిపోతున్నాను. రెండు నెలల క్రితం విశాఖపట్నంలో పరీక్షలు చేసి నార్కోలెప్సీ అన్నారు. ఉదయం మెలకువగా ఉంచే మోడాఫినిల్ మాత్ర వేసుకుంటున్నా మధ్యాహ్నం నిద్ర ఆగడం లేదు. ఇంట్లో బద్ధకం అంటున్నారు. ఇది నయమవుతుందా? బండి నడపవచ్చా? పెళ్లి చేసుకోవచ్చా?

జవాబు: ముందుగా ఈ జవాబును మీ ఇంట్లోవారికి చదివి వినిపించండి, ఎందుకంటే మీ మందు ఎంత ముఖ్యమో వారి అవగాహన కూడా అంతే ముఖ్యం. మనిషిని మెలకువగా నిలబెట్టే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని మెదడులో కొన్ని వేల కణాలు తయారుచేస్తాయి. ఈ రసాయనాన్ని 1998లో గుర్తించారు. మీలాగా నవ్వినప్పుడు పట్టు తప్పే రోగుల మెదడులో ఆ కణాలు దాదాపు నశించిపోయాయని 2000లో తేలింది. ఆ కణాలు లేనివాడిని బద్ధకస్తుడు అనడం, చూపు మందగించినవాడిని శ్రద్ధగా చూడడం లేదని తిట్టడం లాంటిది.

నవ్వినప్పుడు కూలబడడాన్ని కాటాప్లెక్సీ అంటారు. కలలు వచ్చే నిద్రలో మన ఒళ్లు కదలకుండా కండరాలు సడలిపోవడం అందరిలోనూ ఉన్నదే. మీలో ఆ సడలింపు మెలకువగా ఉండగానే వచ్చేస్తోంది. స్పృహ మాత్రం పోదు, చుట్టూ మాటలన్నీ వినిపిస్తుంటాయి. కనుక ఇవి ఫిట్స్ కావు. మీరు రాయలేదు గానీ, నిద్ర పట్టేటప్పుడో లేచేటప్పుడో ఒళ్లు కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపిస్తే అదీ ఈ జబ్బు లక్షణమే. దానికి తాయెత్తులు కట్టించుకోవలసిన పని లేదు.

పోయిన కణాలు తిరిగి రావు కాబట్టి జబ్బు పూర్తిగా నయం కాదు. అయితే అదుపులో ఉంటుంది, అందుకు మీరు మొదట మార్చవలసింది రాత్రి కాపలా. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని, ఆ వేళ ఎవరో ఒకరు మేల్కొని ఉండక తప్పదని నాకు తెలుసు. ఆ ఒకరు మీరు కాకూడదు. నార్కోలెప్సీలో రాత్రి నిద్ర ఎలాగూ ముక్కలుముక్కలుగా ఉంటుంది, దానికి జాగరణ తోడైతే ఏ మందూ పగటి నిద్రను ఆపలేదు. అంతకంటే పెద్ద భయం నీళ్లు. చీకట్లో గట్టు మీద ఒంటరిగా ఉండగా మోకాళ్లు పట్టు తప్పితే నీళ్లలో పడిపోతారు, ఈత వచ్చినా చేతులు ఆడవు. మేత వేయడం, లెక్కలు, కొనుగోళ్లు వంటి పగటి పనులు మీరు తీసుకుని కాపలా మరొకరికి అప్పగించండి. పడవ ఎక్కవలసి వస్తే, కాలువలో దిగవలసి వస్తే పక్కన మనిషి ఉండాలి.

రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవండి. నిద్ర ముంచుకొచ్చే దాకా ఆగకుండా, భోజనం తర్వాత ఒకసారి, సాయంత్రం నాలుగు లోపు మరోసారి, పదిహేను ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోండి. ఇది మందుతో సమానమైన చికిత్స. మధ్యాహ్నం కడుపు నిండా అన్నం తింటే మగత పెరుగుతుంది కనుక అన్నం తగ్గించి కూర, పప్పు, చేప ఎక్కువ తీసుకోండి. మద్యం వద్దు. జలుబు చేస్తే మందుల షాపులో అడిగి మాత్ర తెచ్చుకోకండి, వాటిలో చాలావాటికి నిద్ర వస్తుంది.

మోడాఫినిల్‌ను మీకు మీరుగా పెంచవద్దు. అవసరమైతే మీ డాక్టరే ఉదయం, మధ్యాహ్నం రెండు వేళలుగా ఇస్తారు. జ్వరంతో పాటు ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. కాటాప్లెక్సీకి వెన్లాఫాక్సిన్ వంటి వేరే మందులు ఉన్నాయి, వాటి గురించి అడగండి. వాటిని మొదలుపెట్టాక హఠాత్తుగా మానితే కూలబడడం ముందుకంటే ఎక్కువవుతుంది.

బండి సంగతి నిక్కచ్చిగా చెబుతున్నాను: పగటి నిద్ర, కూలబడడం రెండూ అదుపులోకి వచ్చాయని మీ న్యూరాలజిస్టు చెప్పే వరకు నడపకండి. మన కాలువ గట్ల రోడ్లకు చాలాచోట్ల పక్కన గోడ కూడా ఉండదు, ఒక్క క్షణం కన్ను మూతపడితే చాలు.

పెళ్లి నిస్సందేహంగా చేసుకోవచ్చు. ఈ జబ్బు పిల్లలకు వచ్చే అవకాశం నూటికి ఒకటి రెండు మాత్రమే. సంబంధం కుదిరే ముందే అమ్మాయికి విషయం చెప్పండి, కుదిరితే ఆమెను కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పెళ్లయ్యాక దాచి ఉంచడం మీకూ, ఆమెకూ కష్టమే.

ఈసారి పరీక్షకు వెళ్లే ముందు రెండు వారాల పాటు ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఎన్నిసార్లు కూలబడ్డారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి తీసుకెళ్లండి. మందు మోతాదు దాన్ని బట్టే మారుస్తారు.