సైన్స్ సందేహాలు: ఎత్తున్న చోట గుంట ఎందుకు?

ప్రశ్న: రాగి ఉపరితలం మీద కార్బన్ మోనాక్సైడ్ అణువులను ఎస్‌టీఎంతో (సన్నటి సూదితో ఉపరితలాన్ని పరిశీలించే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపుతో) తీసిన బొమ్మ చూశాను. అణువు రాగి మీద నిటారుగా నిలబడుతుందని పాఠంలో ఉంది. బొమ్మలో మాత్రం నల్లటి గుంటలున్నాయి. ఏది తప్పు?
– ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రెండూ సరైనవేనమ్మా. నేను మొదటిసారి ఆ గుంటలు చూసినప్పుడు సూదిమొన పాడైందనుకుని, దాన్ని సరిచేయడంలోనే ఒక పూటంతా గడిపాను.

అణువు నిటారుగానే ఉంటుంది. కార్బన్ కింద, ఆక్సిజన్ పైన. సూది దాన్ని తాకదు. మధ్యలోని ఖాళీ గుండా టన్నెలింగ్ చేసి (క్వాంటం పద్ధతిలో ఆ ఖాళీని దాటి) వచ్చే ఎలక్ట్రాన్లే దానికి ఆధారం. సూది ఒక్క ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యికోట్లవ వంతు) దగ్గరికి జరిగితే కరెంటు సుమారు పదింతలవుతుంది. ఆ కరెంటు మారకుండా ఉండేలా మెషీన్ సూదిని పైకీ కిందికీ జరుపుతూ పోతుంది. మీరు చూసింది ఆ కదలికల పటం. అణువు మీదికి రాగానే కరెంటు తగ్గింది, సూది కిందికి దిగింది, కంప్యూటర్ అక్కడ నలుపు వేసింది.

మరి కరెంటు ఎందుకు తగ్గాలి? ఇన్నేళ్లయినా నాకు ముచ్చటేసేది ఇక్కడే. ఈ అణువు ఆర్బిటాల్స్ (ఎలక్ట్రాన్లుండే స్థితులు) శక్తిలో ఫెర్మీ మట్టానికి (రాగిలో ఎలక్ట్రాన్లు నిండిన పై అంచుకి) చాలా దూరంలో ఉంటాయి కాబట్టి దాని గుండా కరెంటు బాగా పోదు. కానీ ఆ ఒక్క కారణం సరిపోదు. ఎలక్ట్రాన్‌కి రెండు దారులున్నాయి: ఖాళీలోంచి నేరుగా రాగికి, లేదా అణువు గుండా. ఎలక్ట్రాన్ తరంగంలా రెండు దారుల్లోనూ వెళ్తుంది, మొత్తం తరంగం వర్గాన్ని బట్టే కరెంటు ఉంటుంది. కాబట్టి ముందు రెండు తరంగాలనూ కలిపి, ఆ తర్వాతే వర్గం చేయాలి. కాగితం మీద వేసి చూడండి. నేరుదారి తరంగం 1, అణువు దారిది దానికి ఎదురుగా, అంటే మైనస్ 0.3 అనుకుందాం. మొత్తం 0.7, దాని వర్గం 0.49. కరెంటు సగమైపోయింది! విడివిడిగా వర్గం చేసి కలిపి ఉంటే 1.09 వచ్చేది, గుంట బదులు గుట్ట కనిపించేది.

1997లో బెర్లిన్‌లో బార్టెల్స్, మేయర్, రీడర్ సూదిమొనకే ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువును తగిలించి చూశారు. అదే రాగి, అవే అణువులు. ఈసారి గుంటలు పోయి బొడిపెలు కనిపించాయి. అందుకే ఎవరైనా 'ఈ అణువు కండక్టెన్స్ (కరెంటును పోనిచ్చే గుణం) ఎంత' అని అడిగితే, 'ఏ సూదితో?' అని నేను ముందు అడుగుతాను.

మీ ప్రాజెక్టు రికార్డులో ఇలాంటి బొమ్మ పెడితే, దాని కింద వోల్టేజీ, కరెంటుతో పాటు సూదిమొన మీద ఏముందో కూడా తప్పకుండా రాయండి.